పదకొండు ముప్ఫై అయిదు

ఆఫీసులో ఆయన్ని నిమిషాలాయన అంటారు. బస్సుల సంస్థ ప్రధాన కార్యాలయం, మూడో అంతస్తు, టైమ్‌టేబుల్ విభాగం. ఆయన అక్కడ చేరి ముప్ఫై ఒకటో ఏడు నడుస్తోంది. ఏ బస్సు ఎన్నింటికి బయలుదేరాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో, అందులోంచి దిగినవాళ్ళు ఏ బస్సు అందుకోవాలో ఆయనే గీస్తాడు. రాయడం కాదు, గీయడమే. బల్లంత కాగితం మీద ఊళ్ళు అడ్డగీతలు, గంటలు నిలువుగీతలు. వాటి మధ్య ఏటవాలుగా పోయే ఒక్కో గీత ఒక్కో బస్సు. రెండు బస్సులు ఒక ఊరి గీత మీద దగ్గర దగ్గరగా వస్తే అక్కడ చిన్న సున్నా చుడతాడు. ఇక్కడ దిగి అది ఎక్కవచ్చు అని.

ఇన్ని బస్సులు నడిపించేవాడు బస్సెక్కడు. ఎక్కితే కడుపులో తిప్పుతుంది. ఏడేళ్ళప్పుడు అక్క ఒళ్ళో కూర్చుని మొదటిసారి ఎక్కి, అక్క కొత్త బట్టలు పాడుచేశాడు. మళ్ళీ ఎక్కించే ధైర్యం ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆఫీసుకి నడిచే వెళ్తాడు. ఇరవై రెండు నిమిషాలు. పెళ్ళి కాలేదు. పిల్లని చూడడానికి బస్సులో వెళ్ళాలి కదా, అందుకే ఆగిపోయాడని సెక్షన్లో నవ్వుకుంటారు. ఆయన కూడా నవ్వుతాడు.

అక్క తొమ్మిదేళ్ళు పెద్దది. బావ పోయాక ఏటా రెండుసార్లు తనే తమ్ముడి దగ్గరికి వచ్చి పదిరోజులుండి వెళ్ళేది. పద్నాలుగేళ్ళు అలా వచ్చింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఏ బస్సు ఎక్కాలో తమ్ముడు చీటీ రాసిచ్చేవాడు. ఆరింటికి ఇక్కడ ఎక్కాలి, పదకొండూ ఇరవైకి కొండకింది ఊళ్ళో దిగాలి, పదకొండూ ముప్ఫై అయిదుకి అక్కడే ఇంకో బస్సు, ఒంటిగంట యాభైకి ఇల్లు. చేరానురా అని ఫోన్ చేసేది. అంతే.

రెండేళ్ళ కిందట ఆమె కుడికన్ను పోయింది. రావడం మానేసింది. ఇప్పుడు ఎడమకంట్లోనూ ఒత్తిడి పెరుగుతోంది. ఆమె ఊరి ఆసుపత్రికి కళ్ళ డాక్టరు నెలకి ఒక్కరోజే వస్తాడు. ఈ నెల దాటితే మిగిలిన చూపు ఉండదని చెప్పాడు. ఆపరేషన్ చేసినా ఉంటుందని పూచీ లేదనీ చెప్పాడు.

"చేయించుకుంటాలే," అంది అక్క ఫోన్లో. "కానీ నువ్వొచ్చాకే లోపలికెళ్తా. పోతే పోయింది, ఆఖర్న నీ మొహం చూశాక పోనీ."

"నా మొహంలో ఏముందక్కా చూడ్డానికి?"

"ఏమీ లేదు. అయినా చూడాలి."

"ఒంటిగంట యాభైకి నీ ముందుంటాను."

"ఉంటావు. నువ్వు చెప్పాక ఉండకుండా ఎలా పోతావు."

అలా యాభై ఎనిమిదో ఏట ఆయన ఆరింటి బస్సెక్కాడు. చేతిలో నిమ్మకాయ, జేబులో రెండు ప్లాస్టిక్ కవర్లు. రెండూ దారిలో ఖర్చయిపోయాయి. కళ్ళు మూసుకుంటే తిప్పుతోంది, తెరిస్తే ఇంకా తిప్పుతోంది. అయినా ప్రతి స్టాపులోనూ చేతిగడియారం చూసుకున్నాడు. బస్సు ఆయన గీత మీదే నడిచింది. పదకొండూ ఇరవైకి కొండకింది ఊళ్ళో ఆగింది. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు.

దిగి చుట్టూ చూశాడు. రేకుల షెడ్డు, రెండు బెంచీలు, కింద ఏరు. ఇంకో బస్సు లేదు.

"పదకొండు ముప్ఫై అయిదు ఎక్కడాగుతుంది?" అని కండక్టర్ని అడిగాడు.

కండక్టరు బొటనవేలు కొండవైపు చూపించాడు. "పైన."

"పైనంటే?"

"పైస్టాండు. మెట్లెక్కి పోవాలి. పరిగెత్తకండి సార్, దండగ."

ఆయన పరిగెత్తాడు. రాతిమెట్లు, ఒకదాని ఎత్తు ఒకదానికి లేదు. మొదట లెక్కపెట్టాడు. నూటనలభై దగ్గర లెక్క పోయింది. ఒకచోట కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పైకి చేరేసరికి ఎర్ర బస్సు ఇంజను మోగుతోంది. చెయ్యెత్తాడు. డ్రైవరు అద్దంలో చూశాడు. చూసినట్టు తెలుస్తూనే ఉంది. బస్సు కదిలి మలుపు తిరిగింది.

టైముకి కదలని డ్రైవరు సంజాయిషీ రాసివ్వాలన్న నిబంధన ఈయన రాసిన నోట్‌తోనే వచ్చింది. చేతిగడియారంలో పదకొండూ ముప్ఫై అయిదు.

మెట్ల చివర ఒక ఇల్లు. దాని వీధిగదే హోటలు. గుమ్మంలో నలభై ఐదేళ్ళావిడ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన కోసమే పట్టుకున్నట్టుంది.

"నీళ్ళు తాగండి. మాట్లాడకండి. ముందు ఊపిరి."

"బస్సు..."

"వెళ్ళిపోయింది. రోజూ వెళ్ళిపోతుంది. లోపలికి రండి అన్నయ్యగారూ."

"ఇంకోటి రెండూ పదికి," అన్నాడు ఆయన తనలో తను అనుకున్నట్టు.

"తెలుసే మీకు! చాలామందికి తెలీదు. పోయిందని ఏడుస్తారు."

లోపల వెచ్చగా ఉంది. అయిదు బల్లలు, ఒకదానిలాగా ఒకటి లేదు. గోడవార పొయ్యి, దాని మీద పెద్ద కెటిల్. కిటికీకి చేతితో కుట్టిన తెర. వెన్న కరుగుతున్న వాసన. ఇంకో రోజయితే, ఇంకొకరయితే, కాళ్ళు చాపుకుని కూర్చునే చోటు. ఒక మూల మంచం మీద ముసలావిడ వెల్లుల్లి ఒలుస్తోంది. హోటలావిడ అత్తగారు.

ఆయన కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. అది ఒకప్పటి కుట్టుమిషను. పైన మిషను తీసేసి పలక బిగించారు. కింద తొక్కుడు అలాగే ఉంది, చక్రమూ అలాగే ఉంది. ఆయనకి తెలియకుండానే కాళ్ళు తొక్కడం మొదలుపెట్టాయి. చక్రం ఉత్తినే తిరిగింది.

"తొక్కు నాయనా, తొక్కు," అంది ముసలావిడ. "అక్కడ కూర్చున్నవాళ్ళంతా తొక్కుతారు. ఇప్పటిదాకా తొక్కిందంతా కుట్టయి ఉంటే ఊరందరికీ చొక్కాలొచ్చేవి."

ఆయన కాళ్ళు ఆపాడు. గోడల వైపు చూశాడు. మళ్ళీ చూశాడు.

"గడియారం లేదు," అంది హోటలావిడ టీ పెడుతూ. "తీసేశాం. అందరూ దాన్నే మింగేసేట్టు చూస్తున్నారు, టోస్టు మిగిలిపోతోంది."

"ఇక్కడ కారేమైనా దొరుకుతుందామ్మా? మా అక్కకి ఆపరేషన్. ఒంటిగంట యాభైకి అక్కడుండాలి."

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "ఊరికి ఒకటే కారు. ఆయన కూతురికి పరీక్షని పొద్దున్నే వెళ్ళాడు. పాలవ్యాను కూడా పోయింది." వెనకవైపు తలుపులోంచి బయటికెళ్ళి ఎవరినో కేకేసి అడిగింది. తిరిగొచ్చి తల అడ్డంగా ఊపింది.

ఆయన లేచాడు. వాకిలి దాకా వెళ్ళాడు. రోడ్డు ఖాళీగా ఉంది. వెనక్కి వచ్చాడు. ఫోను తీశాడు. కిటికీ దగ్గరే మాట వినిపిస్తుందని ముసలావిడ చెప్పింది.

అక్క వెంట ఆసుపత్రికి పక్కింటి అమ్మాయి వెళ్ళింది. ఆమె ఫోనే.

"ఎక్కావురా?" అంది అక్క.

"బస్సు కొంచెం ఆలస్యంగా ఉందక్కా."

"పోనీలే, వస్తుంది. నువ్వు చెప్పిన టైము ఎప్పుడైనా తప్పిందా. నేనిక్కడే బెంచీ మీద కూర్చుంటా. ఎవడు పిలిచినా కదలను."

ఆయన ఫోను బల్ల మీద పెట్టాడు. అబద్ధం చెప్పడం ఇంత తేలికని ఆయనకి తెలియదు. కాళ్ళు మళ్ళీ తొక్కుతున్నాయి.

"ఎవరికీ అందదా ఆ బస్సు?" అని అడిగాడు కాసేపటికి.

"పంతొమ్మిదేళ్ళలో ఇద్దరికి అందింది," అంది హోటలావిడ. "ఒకడు పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తున్నవాడు. ఇంకోసారి బస్సు టైరు పంచరయింది."

"ఆ బస్సు టైము రాసినవాడెవడో గానీ వాడికి సన్మానం చెయ్యాలి," అంది ముసలావిడ. "వాడి పుణ్యమా అని మన పొయ్యి వెలుగుతోంది."

"సన్మానం మీరు చెయ్యండత్తయ్యా. నేను మాత్రం వాణ్ణి రోజూ రెండుసార్లు ఆ మెట్లెక్కిస్తా. బియ్యంబస్తాతో."

"పాపం, వాడికి మోకాళ్ళుంటాయిగా."

"మొహంలో కళ్ళున్నవాడైతే కదా, మోకాళ్ళుండడానికి!"

గోడకి ఒక ఉత్తరం ఫ్రేము కట్టి ఉంది. సంస్థ ముద్ర ఉన్న కాగితం. తమ ఫిర్యాదు అందినదనీ, సంబంధిత విభాగమునకు పంపబడినదనీ. సంతకం రెండో అంతస్తువాళ్ళది. రెండో అంతస్తు నుంచి మూడో అంతస్తుకి ఆ కాగితం రాలేదు.

వచ్చినది వేరే కాగితం. అది ఆయనకి గుర్తుంది. పైవైపు వెళ్ళే బస్సులకి ఆ ఊళ్ళో కొత్త స్టాండు కట్టామని ఇంజనీరింగ్‌వాళ్ళు రాశారు. ఊరి పేరేమైనా మారిందా అని చూశాడు. మారలేదు. ఒకే ఊరు, ఒకే గీత. ఫైల్లో పెట్టేశాడు. పదిహేను నిమిషాలంటే షెడ్డులో ఈ బెంచీ నుంచి ఆ బెంచీకి నడవడానికి కావలసినదానికంటే ఎక్కువే అనుకున్నాడు.

టీ తాగుతుంటే చెయ్యి ఆగిపోయింది.

అక్క ఈ దారినే వెళ్ళేది. ఏటా రెండుసార్లు. ఒంటిగంట యాభైకి చేరేదని ఆయన లెక్క. చేరానురా అని ఫోన్ చేసేది ఎప్పుడూ సాయంత్రం అయిదింటికి. అయిదింటిదాకా ఏం చేస్తున్నావని ఆయన ఒక్కసారీ అడగలేదు. చేరే టైము తను రాసినదే కదా, అడగడానికేముంది.

లేచి నిలబడ్డాడు. కూర్చున్నాడు. ఆమ్లెట్ వచ్చింది. ముట్టుకోలేదు.

పన్నెండూ నలభైకి ఫోను మోగింది. పక్కింటి అమ్మాయి.

"బాబాయిగారూ, ఎక్కడున్నారు? ఒంటిగంటకి కంట్లో చుక్కలు వెయ్యాలంట. మూడున్నరకి ఆఖరి కేసు మీ అక్కగారిదే. ఈవిడేమో చుక్కలేస్తే చూపు మసకేస్తుందట, తమ్ముడొస్తే గానీ వేయించుకోను అంటున్నారు. నర్సు అరుస్తోంది. ఒంటిగంట దాటితే ఇంకొకరిని తీసుకుంటారంట."

"అక్కకివ్వమ్మా."

అటువైపు ఆసుపత్రి చప్పుడు. తలుపులు, పిల్లల ఏడుపు. ఆయన గొంతు పెంచాల్సి వచ్చింది.

"అక్కా, చుక్కలు వేయించుకో."

"నువ్వు రా ముందు. ఇంకో గంటలో వచ్చేస్తావుగా. దీని అరుపులకి నేను బెదరను."

"అక్కా, బస్సు ఆలస్యం కాలేదు. టైముకే వెళ్ళిపోయింది. నేను అందుకోలేదు."



"మెట్లా?" అంది అక్క.

"నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంట్రా. నేనెప్పుడు అందుకున్నాను గనక. నీకు చెప్పలేదంతే. ఈ మోకాళ్ళతో నేను ఎక్కలేకపోతే నీ బస్సేం చేస్తుంది? నువ్వైతే చకచకా ఎక్కేస్తావనుకున్నా."

"ఎవరూ ఎక్కలేరక్కా. పదిహేను నిమిషాలు చాలవు. అరగంట పెట్టాలి. అక్కడ రెండు స్టాండులున్నాయని నేను చూసుకోలేదు. నీ కాళ్ళది కాదు తప్పు. నేను రాసిందే తప్పు. పంతొమ్మిదేళ్ళుగా తప్పే."

గదిలో వెల్లుల్లి ఒలిచే చప్పుడు ఆగింది. ఆయన కిటికీ వైపే చూస్తున్నాడు.

"పద్నాలుగేళ్ళు," అంది అక్క. "ప్రతిసారీ ఆ మెట్ల మీద కూర్చుని నన్ను నేనే తిట్టుకునేదాన్నిరా."

ఆయన కిటికీ తెర పక్కకి జరిపి మెట్లవైపు చూశాడు.

"ఇప్పుడెన్నింటికొస్తావు?"

"నాలుగూ ఇరవై అయిదు. అది కూడా కచ్చితంగా చెప్పలేను."

"నువ్వా? చెప్పలేవా?"

"చెప్పలేను. నా కోసం కూర్చోవద్దు. లోపలికెళ్ళు."

"నిన్ను చూడకుండానా?"

జవాబు ఒకటే ఉంది. దాన్ని ఇంకోలా చెప్పే దారి కోసం ఆయన వెతికాడు. దొరకలేదు.

"అవునక్కా. చూడకుండానే."

అవతల నర్సు ఏదో అంటోంది. పక్కింటి అమ్మాయి ఏదో బతిమాలుతోంది.

"ఏమైనా తిన్నావా?" అంది అక్క.

"లేదు."

"తిను," అంది. ఫోను ఆగిపోయింది.

వెళ్తానని అనలేదు. వెళ్ళననీ అనలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. స్విచాఫ్.

వెనక్కి తిరిగాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఆయన్నే చూస్తున్నారు.

"నువ్వేనా?" అంది ముసలావిడ చివరికి. "ఇన్నేళ్ళుగా తిడుతున్నాను నాయనా నిన్ను. ఇంకాస్త పెద్దగా ఉంటావనుకున్నా."

హోటలావిడ దగ్గరికొచ్చింది. చల్లారిన ఆమ్లెట్ తీసుకెళ్ళింది. బల్ల తుడవదు, పొమ్మంటుంది అని ఆయన అనుకున్నాడు. పొమ్మంటే ఎక్కడికి పోవాలో తెలియక కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. పొయ్యి మీద మళ్ళీ గుడ్డు కొట్టిన చప్పుడు వినిపించింది.

వేడి పళ్ళెం తెచ్చి పెడుతూ అడిగింది. "మీ అక్కగారంటే గళ్ళసంచీ ఆవిడేనా? బెల్లంరంగు శాలువా?"

"శాలువా... ఆఁ."

"ఈ బల్ల దగ్గరే కూర్చునేది. టీలో మూడు చెంచాల పంచదార."

"మూడా? మా ఇంట్లో అసలు వేసుకోదు."

"ఇక్కడ వేసుకుంటుంది. తమ్ముడు బస్సుల్లో పెద్ద ఉద్యోగం అనేది. ఏం ఉద్యోగమమ్మా అంటే, చాలా పెద్దదిలే అనేది." పళ్ళెం ఆయన వైపు జరిపి, "మేం ఆవిడ ముందే తిట్టాం మిమ్మల్ని. ఆ రాసినవాణ్ణి. ఎన్నోసార్లు," అంది.

"ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. ఇంకో టీ అడిగేది."

ఆయన తిన్నాడు. రుచి తెలియలేదు. తినమంది కాబట్టి తిన్నాడు. ఒంటిగంట అయింది. ఒంటిగంటా పది. మెట్ల చివరిదాకా వెళ్ళి కిందికి చూశాడు. లోపలికొచ్చాడు. ఫోను చేశాడు. కుట్టుమిషను తొక్కాడు. ఈసారి ముసలావిడ ఏమీ అనలేదు.

"మారుస్తారా మరి?" అని హోటలావిడ అడిగింది.

"తప్పకుండా. ఆఫీసుకి వెళ్ళగానే. పన్నెండు అవుతుంది అది."

"అయితే ఇక్కడ ఎవరూ కూర్చోరు," అంది ఆవిడ, ఊరికే లెక్క చూసుకుంటున్నట్టు.

"మార్చనీవే," అంది ముసలావిడ. "నీళ్ళగ్లాసు పట్టుకుని నిలబడీ నిలబడీ నీకు నడుంనొప్పొచ్చింది. ఊపిరున్నవాళ్ళు కూడా టీ తాగుతారు."

రెండూ పది బస్సు రెండూ పద్నాలుక్కి కదిలింది. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. దారి మెలికలు. కవర్లు లేవు. హోటలావిడ చేతిలో పెట్టిన ఉప్పుబిస్కట్లు ఒక్కొక్కటే నములుతూ రోడ్డుని చూశాడు. మూడున్నరప్పుడు బస్సు ఒక వంతెన దగ్గర ఆగింది. ఎదురుగా ఇసుకలారీ అడ్డం. డ్రైవరు ఇంజను ఆపేసి దిగాడు. ఆయన కూడా దిగాడు. లారీ చుట్టూ నడిచాడు. మళ్ళీ ఎక్కాడు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుంది. ఇప్పుడు ఆమె బెంచీ మీద ఉందా, లోపల ఉందా. బెంచీ మీద ఉంటే తను చెప్పింది సరిపోలేదన్నమాట. లోపల ఉంటే తనని చూడలేదన్నమాట. రెండిట్లో ఏది కావాలో తెలుసు. 

ఆసుపత్రికి చేరేసరికి అయిదుకి పది నిమిషాలు తక్కువ. వరండా పొడుగునా బెంచీలు. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ నడిచాడు. చివరి బెంచీ మీద పక్కింటి అమ్మాయి ఒక్కతే ఉంది. పక్కన గళ్ళసంచీ.

"బాబాయిగారూ," అని లేచింది. "ఫోన్లో చార్జింగ్ అయిపోయింది."

"అక్క?"

ఆమె తలుపు వైపు చూపించింది.

తలుపు దగ్గర బల్ల వెనక నర్సు తలెత్తింది. "మీరేనా తమ్ముడు? మూడున్నరకి తీసుకెళ్ళాం. బంధువుల సంతకం లేకుండా మామూలుగా తీసుకోం. ఆవిడతో వేగలేకపోయాం." కాగితం తిప్పి ముందుకు జరిపింది. "ఇది రాస్తే గానీ లేవనని కూర్చుంది. రాశాను. దాని మీదే చెయ్యండి సంతకం."

బంధువు సంతకం అన్నచోట ఖాళీలో పెన్సిలుతో ఉంది: తమ్ముడు. దారిలో ఉన్నాడు.

ఆయన సంతకం చేశాడు. గీత పక్కకి పోయింది. కింద పెన్సిలు అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.

పక్కింటి అమ్మాయి బెంచీ మీద జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చోలేదు. తలుపు ఎటు తెరుచుకుంటుందో చూశాడు. తెరిస్తే ముందు తను ఎదురయ్యేచోట నిలబడ్డాడు.

"కంటికి కట్టు ఉంటుంది బాబాయిగారూ," అంది ఆ అమ్మాయి మెల్లిగా. "రేపటిదాకా విప్పరంట."

తెలుసన్నాడు. అక్కడే నిలబడ్డాడు.